మూలన కూర్చున్న కుర్రాడు... మరి ఆ అమ్మాయిలో?

2003 సెప్టెంబరులో లండన్‌లో చిత్రమైన సంగతొకటి జరిగింది. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఆ ఏడాది వచ్చిన ఆల్బమ్‌లలో అన్నిటికంటే మంచిదని న్యాయనిర్ణేతలు తేల్చిన ఒకే ఒక్కదానికి మెర్క్యురీ బహుమతి ఇస్తారు. ఆ సారి పోటీలో రేడియోహెడ్ ఉంది, కోల్డ్‌ప్లే ఉంది. పేరు చెబితే స్టేడియాలు నిండిపోయే బృందాలవి. తీరా ప్రకటించిన పేరు... డిజ్జీ రాస్కల్! ఆ కుర్రాడికి పంతొమ్మిదో పుట్టినరోజు రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. చేతికొచ్చింది 20 వేల పౌండ్లు. అదే అతని మొదటి ఆల్బమ్. దాని పేరు 'బాయ్ ఇన్ డా కార్నర్'. క్లాసులో అల్లరి చేస్తే మాస్టారు మూలన కూర్చోబెడతారే, ఆ కుర్రాడన్నమాట. ఇక రాస్కల్ అంటారా, అది మన ఇళ్ళల్లో అమ్మలు ముద్దొచ్చినా, ఒళ్ళు మండినా పిల్లల్ని పిలిచే పిలుపే!

ర్యాప్ పాటల గొడవ మన పేజీలో ఎందుకండీ అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. చెబుతాను. మీ ఇంట్లో పదిహేను నుంచి ఇరవై మధ్య వయసు పిల్లలుంటే వాళ్ళ చెవుల్లో రోజుకి నాలుగైదు గంటలు ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. ఏమిటో మనకి వినపడదు. మన కాలంలో రేడియో వంటింటి గూట్లో ఉండేది. ఇంటిల్లిపాదీ ఒకే పాట వినేవాళ్ళం, నచ్చకపోతే నాన్నగారు లేచి కట్టేసేవారు. ఇప్పుడు పక్కనే కూర్చుని అన్నం తింటున్న పిల్లాడు ఏ ఊళ్ళో, ఏ వీధిలో తిరుగుతున్నాడో మనకి తెలియదు. మా అక్క కొడుకు ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు. వాడే నాకీ ఆల్బమ్ వినిపించాడు. 'పిన్నీ, ఇది నీకు ఎక్కదులే' అంటూనే ఇచ్చాడు. ఎక్కదంటే ఊరుకుంటామా! రెండు రాత్రులు కూర్చుని విన్నాను. ఆ తర్వాత దాని మీద అక్కడి పత్రికలు ఏం రాశాయో దొరికినవన్నీ చదివాను. పాటల కంటే ఆ సమీక్షలే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేశాయి.

ముందు ఆ కుర్రాడి ఊరు సంగతి. తూర్పు లండన్‌లో బో అని ఒక పేట. మన తెలుగు విద్యార్థులు ఎందరో గదులు అద్దెకి తీసుకుని ఉండే ఈస్ట్‌హామ్ లేదూ? అదే రైలు లైన్లో, బో రోడ్ నుంచి ఐదో స్టేషను. బోలో పేదవాళ్ళకి ప్రభుత్వం కట్టించిన అంతస్తుల ఇళ్ళున్నాయి. వాటి కిటికీలోంచి చూస్తే కనిపించేది కెనరీ వార్ఫ్. పెద్ద పెద్ద బ్యాంకుల అద్దాల మేడలు అవన్నీ. రాత్రంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ఇటు లిఫ్టు పని చెయ్యదు, అటు కోట్లు చేతులు మారుతుంటాయి. డిజ్జీ అసలు పేరు డిలన్ మిల్స్. తల్లిది ఘనా దేశం. తండ్రి ఇతని చిన్నతనంలోనే పోయాడు. తల్లే పెంచింది.

చదువు సాగలేదు. ఒకదాని తర్వాత ఒకటిగా స్కూళ్ళు వెళ్ళగొట్టాయి. చివరికి లాంగ్డన్ పార్క్ అనే స్కూల్లో సంగీతం తప్ప మిగిలిన క్లాసులన్నిటి నుంచీ బయటకి పంపేశారు. ఆ ఒక్క క్లాసులో మాత్రం టిమ్ స్మిత్ అనే సంగీతం మాస్టారు ఇతన్ని కూర్చోనిచ్చారు. స్కూలు కంప్యూటర్ అప్పజెప్పారు. దాని మీదే ఈ కుర్రాడు దరువులు కట్టడం నేర్చుకున్నాడు. ఆల్బమ్‌లో చాలా పేరొచ్చిన 'ఐ లవ్ యూ' అనే పాట పదహారేళ్ళ వయసులో కట్టిందే. ఆ పేటల్లో కుర్రాళ్ళు అప్పట్లో లైసెన్సు లేని చిన్న చిన్న ఎఫ్.ఎం. రేడియోలు నడిపేవాళ్ళు. అపార్ట్‌మెంట్ల పైకప్పుల మీద రహస్యంగా ఏరియల్ కట్టి, కింద గదిలోంచి పాటలు ప్రసారం చేసేవాళ్ళు. అలా పుట్టిన సంగీతానికి తర్వాత 'గ్రైమ్' అని పేరు పడింది. అంటే మసి, జిడ్డు. పేరుకి తగ్గట్టే ఉంటుంది.

ఎలా ఉంటుందంటే... కమ్మగా మాత్రం ఉండదు. మీ మిక్సీ జార్‌లో చెంచా పడిపోయినట్టు ఒక చప్పుడు, వీడియో గేముల కూతలు, గుండెలో గుద్దినట్టు కింది స్వరం. మధ్యలో ఉన్నట్టుండి అంతా ఖాళీ. ఆ ఖాళీలో కుర్రాడి గొంతు. అది గొంతు మారే వయసు పిల్లాడి గొంతు. కీచుమంటుంది, విరుగుతుంది, మళ్ళీ లేస్తుంది. మాటలు అంత వేగంగా దొర్లుతుంటే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకి కూడా మొదటిసారి సగం అందవు. కానీ ఏడుపు మాత్రం మొదటిసారే అందుతుంది. మొదటి పాటలో కుర్రాడు ఊరికే కూర్చుని వీధిలోకి చూస్తుంటాడు. నిన్న మొన్నటిదాకా కలిసి ఆడుకున్నవాళ్ళు ఈవేళ కత్తులు పట్టుకుని తిరుగుతున్నారని దిగులు. చివరి పాటకొచ్చేసరికి బతకడం ఎందుకన్న ఆలోచనదాకా వెళ్ళి, ఎలాగో దాన్ని తోసేసి లేచి నిలబడతాడు. పెద్దవాళ్ళు పిల్లల గురించి రాసిన పాట కాదిది. పిల్లవాడే, ఇంకా మీసాలైనా సరిగ్గా రాని పిల్లవాడే, నా బాల్యం అయిపోయిందని చెప్పుకోవడం. ఆల్బమ్ విడుదలైంది 2003 జూలైలో. అదే నెలలో సైప్రస్‌లో ఇతన్ని ఎవరో కత్తితో పొడిచారు. పాట పాడినవాడికీ పాటలో ఉన్నదానికీ మధ్య దూరం అంతే!

ఇక సమీక్షల సంగతి. అవి ఎంత బాగా వచ్చాయో తెలియాలంటే ఆ ఏడాది ఎలా మొదలైందో చెప్పాలి. జనవరి 2 తెల్లవారుజామున బర్మింగ్‌హామ్‌లో కొత్త సంవత్సరం పార్టీ దగ్గర ముఠాలు కాల్చుకున్న తుపాకులకి ఇద్దరు అమ్మాయిలు బలయ్యారు. ఒకరికి 17, ఇంకొకరికి 18. వాళ్ళకీ ఆ తగాదాకీ ఏ సంబంధమూ లేదు. దేశం దేశం కదిలిపోయింది. అప్పుడు సాంస్కృతిక శాఖ చూస్తున్న మంత్రి కిమ్ హోవెల్స్ ఏమన్నాడంటే, ఇదంతా ర్యాప్ పాడే 'సో సాలిడ్ క్రూ' లాంటి వాళ్ళ వల్లే అని! తుపాకులు ఎక్కణ్ణించి వస్తున్నాయి, ఆ పేటల్లో ఉద్యోగాలేవి అన్న మాట పక్కకిపోయి పాటల మీద పడ్డారు. జనవరిలో ఆ మాట అనిపించుకున్న సంగీతానికే సెప్టెంబరులో దేశంలోకెల్లా గౌరవమున్న బహుమతి. ఒక్క ఏడాదిలోనే!

పత్రికలు నోరారా మెచ్చుకున్నాయి. సమీక్షలన్నీ కలిపి సగటు మార్కులు కట్టే మెటాక్రిటిక్ లెక్కలో నూటికి తొంభై పైన వచ్చాయి. మరుసటి ఏడాది జనవరిలో అమెరికాలో విడుదలైతే అక్కడా అదే మెప్పు. మరి జనం కొన్నారా అంటే, ఓ మోస్తరుగానే. అమ్మకాల పట్టికలో 23వ స్థానం దాటి పైకి వెళ్ళలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. సమీక్షకులు మెచ్చినదాంట్లో నిజముందా? ఉంది. నేను చదివినంతలో మంచి సమీక్షలన్నీ ఆ గొంతునే పట్టుకున్నాయి. గొంతు బాగాలేదని కొట్టెయ్యకుండా, ఆ విరుగుడులోనే ఆ వయసు భయమంతా ఉందని గ్రహించాయి. అమెరికా ర్యాపర్లని కాపీ కొట్టకుండా తన పేట యాసలోనే పాడాడని గుర్తించాయి. యాసకి సినిమాల్లో నవ్వులాట పాత్రలే దక్కిన చోటు నుంచి వచ్చినవాళ్ళం, ఆ గౌరవం విలువ మనకి తెలుసు.

కానీ చదవగా చదవగా నాకు ఒక మాట గుచ్చుకుంది. ఆ మాట 'చీకటి'. ప్రతి సమీక్షలోనూ అదే పొగడ్త. చీకటిగా ఉంది కాబట్టి నిజం, కటికగా ఉంది కాబట్టి గొప్ప. పొద్దున్నే టీ తాగుతూ పత్రిక చదివే ఆసామికి పక్కపేట చీకటి ఒక కొత్త రుచి. ఆ చీకట్లో ఉన్నవాళ్ళకి అది రుచి కాదు కదా! ఆ పేటల్లో పొద్దున ఐదింటికి లేచి ఆఫీసులు ఊడవడానికి పోయే అమ్మలు, ఆదివారం చర్చికెళ్ళే అత్తలు, పరీక్షలకి చదివే ఆడపిల్లలు కూడా ఉంటారు. వాళ్ళ మీద ఎవడైనా పాట కడితే దానికి ఇన్ని మార్కులు వేస్తారా అని అనుమానం. అది ఆ కుర్రాడి తప్పు కాదు. తనకి కనిపించింది తను పాడాడు. వినేవాళ్ళు ఏది వినడానికి సిద్ధంగా ఉన్నారన్నదే ప్రశ్న.

అసలు నాకు ఒళ్ళు మండింది తల్లి విషయంలో. ఇతని మీద వచ్చిన ప్రతి వ్యాసంలోనూ ఆవిడకి ఒకటే వాక్యం. 'ఒంటరి తల్లి పెంచింది'. ఆ వాక్యం ఎక్కడ వస్తుందో చూడండి. స్కూల్లోంచి వెళ్ళగొట్టారు అనే మాటకి ముందో వెనకో వస్తుంది. అంటే కారణం అన్నట్టు! బహుమతి వచ్చింది అనే మాట పక్కన మాత్రం రాదు. అక్కడ సంగీతం మాస్టారు వస్తారు. మాస్టారు మంచివారే, కాదనను. పిల్లాణ్ణి అందరూ గెంటేస్తుంటే ఒక కుర్చీ వేశారు. అలాంటి మాస్టారు ప్రతి స్కూల్లో ఒక్కరుంటే చాలు. కానీ స్కూలు స్కూలుకీ పిలిపించి 'మీవాణ్ణి తీసుకుపోండి' అంటే, ఆఫీసు గది బయట బల్ల మీద కూర్చుని, మళ్ళీ ఇంకో స్కూలు గడప తొక్కేది ఎవరు? మనవాళ్ళూ అంటారుగా, 'ఆడ పెంపకం' అని. కొడుకు చెడితే ఆడ పెంపకం. బాగుపడితే వాడి ప్రతిభ, గురువుగారి చలవ! వేల మైళ్ళ అవతల కూడా ఇదే లెక్క నడుస్తోందన్నమాట.

సరే, ఆ పాటల్లో ఆడపిల్లల దగ్గరికి వద్దాం. ఇద్దరున్నారు ముఖ్యంగా. ఒకరు 'ఐ లవ్ యూ' పాటలో. పేరు చూసి ప్రేమగీతం అనుకోకండి. పదిహేను, పదహారేళ్ళ జంట. పిల్లకి నెల తప్పిందేమోనన్న భయం. అబ్బాయి 'నాకేం సంబంధం' అని తప్పించుకుంటుంటాడు, స్నేహితుల ముందు ఆ పిల్లని తీసిపారేసి మాట్లాడతాడు. ఇక్కడివరకూ మనకి తెలిసిన కథే. కానీ పాట సగంలో ఒక అమ్మాయి గొంతు లేస్తుంది. అబ్బాయి అన్న ప్రతి మాటకీ అంతే వేగంగా, అంతే పదునుగా తిప్పికొడుతుంది. నువ్వెంత, నీ బతుకెంత అని నిలదీస్తుంది. ఆ తగువులో ఎవరూ గెలవరు. పదహారేళ్ళ మగపిల్లాడు తన పాటలో తనని తిట్టే ఆడగొంతుకి సగం చోటివ్వడం, నిజం చెప్పాలంటే నేను ఎదురుచూడలేదు. ఆ పాట విన్నాక నాకు ఆ కుర్రాడి మీద గౌరవం కలిగింది.

రెండో అమ్మాయి 'జెజబెల్' పాటలో. బైబిల్లో యెజెబెలు రాణి పేరది. మన క్రైస్తవ కుటుంబాల్లో చెడ్డ ఆడదానికి ఆ పేరు పెట్టి తిట్టడం వినే ఉంటారు. ఈ పిల్ల కుర్రాళ్ళతో తిరుగుతుంది, పేరు పోగొట్టుకుంటుంది, చిన్న వయసులోనే తల్లవుతుంది. పాటలో ఆమె మీద జాలి లేకపోలేదు. కానీ ఆ పిల్లకి గొంతు మాత్రం లేదు. ఆమె గురించి వీధి ఏమనుకుంటోందో అదే వింటాం. ఆమెతో తిరిగిన కుర్రాళ్ళకి పాటలో పేరూ లేదు, నిందా లేదు! ఆ పిల్ల ఏ ఇంట్లోంచి వచ్చింది, ఎవరు ఆమెని ఆ దారి పట్టించారు, ఆమెకీ ఒక మూల ఉందా, ఆ మూలన కూర్చుని ఆమె ఏం చూస్తోంది... ఏమీ తెలియదు.

సమీక్షకులు మొదటి పాటని ఆకాశానికెత్తారు. రెండోదాన్ని, నేను చదివినవాటిలో, ఒకటి రెండు మాటల్లో దాటేశారు. కుర్రాడు అనుభవించిన ఒంటరితనానికి పేరాలకి పేరాలు. ఆ పిల్ల ఒంటరితనం 'పేటల్లో పరిస్థితులు' అన్న మాటలో కలిసిపోయింది. పేటలో పెరిగి పెద్దవడమంటే మగపిల్లాడు పెరగడమే అని ఎవరూ నిర్ణయించలేదు. కానీ వంద సమీక్షలు కలిసి అలాగే నిర్ణయించేశాయి.

ఇప్పుడు కాస్త కష్టమైన సంగతి. ఆ కుర్రాడు పెద్దవాడయ్యాడు. తర్వాత తర్వాత జనం గెంతులేసే పాటలు కట్టి అమ్మకాల్లో మొదటి స్థానానికీ వెళ్ళాడు. 2012 ఒలింపిక్స్ లండన్‌లో జరిగినప్పుడు ప్రారంభోత్సవంలో, తను పెరిగిన పేటకి కూతవేటు దూరంలో, ప్రపంచమంతా చూస్తుండగా పాడాడు. 2020లో రాణిగారి పేర ఇచ్చే ఎం.బి.ఇ. గౌరవం ప్రకటించారు. 2022 మార్చిలో కోర్టు ఇతన్ని దోషి అన్నది. తన పిల్లల తల్లి, ఒకప్పుడు పెళ్ళాడతానని మాటిచ్చిన మనిషి మీద 2021 జూన్‌లో చెయ్యి చేసుకున్నందుకు. తను ఆ పని చెయ్యలేదని ఇతను వాదించాడు. మేజిస్ట్రేటు నమ్మలేదు. జైలు కాదు, 24 వారాలపాటు కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ పెట్టి రాత్రిళ్ళు ఇల్లు కదలకూడదన్న శిక్ష వేశారు. ఆమె జోలికి వెళ్ళకూడదని ఏడాదిపాటు ఆంక్ష. తీర్పు విని బయటికొస్తూ ఒక ఫొటోగ్రాఫర్ కెమెరా విసిరికొట్టాడు. ఆ ఫొటోలు పత్రికలన్నీ వేశాయి.

ఇది చదివాక నేను మళ్ళీ 'ఐ లవ్ యూ' విన్నాను. పాట మారలేదు, నా చెవి మారింది. అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. పదహారేళ్ళ పిల్లాడు రాసిన తగువుని, ముప్ఫయ్యారేళ్ళ మగాడు చేసిన పనికి సాక్ష్యంగా చూపించడం అన్యాయం. అలా చూపిస్తే రేపు ఏ పిల్లాడూ తన కోపాన్ని కాగితం మీద పెట్టడు. లోపలే పెట్టుకుంటాడు, అది మరీ ప్రమాదం. మా అక్క కొడుకు చేత ఈ పాటలు మానిపించమని నేను అక్కతో చెప్పలేదు. కోర్టు సంగతి మాత్రం వాడికి నేనే చెప్పాను. 'పాట వేరు, మనిషి వేరు కదా పిన్నీ' అన్నాడు. వేరేరా, కాదనను. కానీ ఆ పాట గొప్పదని రాసిన వాళ్ళందరూ అతని 'నిజాయితీ'ని మెచ్చుకున్నారు చూడు, అది పాట గుణం కాదు, మనిషి గుణం. మెచ్చుకునేటప్పుడు ఇద్దర్నీ కలిపేసి, తిట్టాల్సివచ్చినప్పుడు విడదీస్తామంటే ఎలా? వాడు జవాబు చెప్పలేదు. ఆలోచిస్తున్నాడనుకుంటాను.

ఇక ఇందాక గుర్తుపెట్టుకోమన్న అమ్మకాల సంగతి. అదే మెర్క్యురీ బహుమతి 2009లో స్పీచ్ డెబెల్ అనే అమ్మాయికి వచ్చింది. ఆమె కూడా ర్యాపరే. ఆమెదీ మొదటి ఆల్బమే. ఇల్లు వదిలి హాస్టళ్ళలో తలదాచుకున్న రోజుల గురించి, కనిపించకుండా పోయిన తండ్రి గురించి మెల్లగా, గిటారు మీద చెప్పుకున్న పాటలు. పెరిగి పెద్దవడమే అక్కడా కథ. ఆ చీకటే. కానీ అరుపుల్లేవు, కత్తుల్లేవు. బహుమతి వచ్చిన మర్నాటి నుంచీ పత్రికలు మొదలుపెట్టాయి, ఎన్ని కాపీలు అమ్ముడుపోయాయి అని. బహుమతి పొందినవాటిలో ఇంత తక్కువ అమ్ముడైంది లేదని ఎత్తిపొడుపు. కొన్ని వారాలు తిరిగేసరికి, అడిగినవాళ్ళకి సీడీలే దొరకలేదని ఆమె తన కంపెనీతో తెగతెంపులు చేసుకుంది. డిజ్జీ ఆల్బమ్ కూడా పెద్దగా అమ్ముడుపోలేదని చెప్పాను కదా. అప్పుడు దాన్ని ఎవరూ లోపమనలేదు, 'జనానికింకా అర్థం కాలేదు' అన్నారు. కుర్రాడు అమ్ముడుపోకపోతే కాలానికి ముందు పుట్టినవాడు. అమ్మాయి అమ్ముడుపోకపోతే న్యాయనిర్ణేతల పొరపాటు!

నిజానికి డిజ్జీకి ముందు ఏడాదే, 2002లో, ఈ బహుమతి గెలిచింది మిస్ డైనమైట్ అనే ఇరవై ఒక్కేళ్ళ నల్లజాతి అమ్మాయి. బహుమతి సొమ్మంతా పిల్లల రక్షణ కోసం పనిచేసే సంస్థకి ఇచ్చేసింది. తుపాకులు పట్టే కుర్రాళ్ళని నిలదీస్తూ పాడింది. దారి వేసింది ఆమె. కానీ ఆ దారి గురించి రాసేవాళ్ళు 2003 నుంచే మొదలుపెడుతుంటారు.

అలాగని మెచ్చుకునేవాళ్ళంతా ఆ కుర్రాళ్ళకి మేలు చేశారనీ అనలేం. పత్రికలు చప్పట్లు కొడుతుంటే పోలీసులు వేరే పని చేశారు. 2005 నుంచి లండన్ పోలీసులు 'ఫారం 696' అని ఒకటి పెట్టారు. చాలా క్లబ్బుల్లో ఇలాంటి సంగీత కార్యక్రమం పెట్టాలంటే పాడేవాళ్ళ పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ముందుగా రాసివ్వాలి. మొదట్లో అయితే ఏ రకం సంగీతం, ఏ జాతివాళ్ళు వింటారు అని కూడా అడిగేవారట! దానివల్ల గ్రైమ్ పాడేవాళ్ళకి వేదికలే దొరక్కుండా పోయాయి. 2017 నవంబరులో గానీ ఆ ఫారం ఎత్తేయలేదు. సమీక్షలో ఐదు నక్షత్రాలు, క్లబ్బు గుమ్మం దగ్గర తాళం. వీధి పిల్లల చీకటిని ఇంట్లో కూర్చుని వినడానికి అభ్యంతరం లేదు, వాళ్ళు నలుగురూ ఒకచోట చేరితేనే భయం.

మారలేదా అంటే మారింది. 2019లో ఇదే బహుమతి డేవ్ అనే ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడి మొదటి ఆల్బమ్ 'సైకోడ్రామా'కి వచ్చింది. అందులో 'లెస్లీ' అని పదకొండు నిమిషాల పాట ఉంది. రోజూ రైల్లో పోయే ఒక మామూలు ఉద్యోగిని. కడుపుతో ఉంది. ప్రేమించినవాడు ఏడిపిస్తాడు, హింస పెడతాడు. పాట అంతా ఆమె కథే. ఆ పాటని ఏ సమీక్షకుడూ దాటెయ్యలేకపోయాడు. 'జెజబెల్' నుంచి 'లెస్లీ' దాకా రావడానికి పదహారేళ్ళు పట్టింది. మధ్యలో ఆడపిల్లలు, ఆడ సమీక్షకులు, పాటలు వింటూ 'మరి ఆమె సంగతేమిటి' అని అడిగినవాళ్ళు ఎంతోమంది ఉండుంటారు. వాళ్ళకి బహుమతులేం రాలేదు. 2022లో మాత్రం లిటిల్ సిమ్జ్ అనే ర్యాపర్ ఆ బహుమతి అందుకుంది. ఆమెకది నాలుగో ఆల్బమ్.

ఇప్పుడు మన హైదరాబాదులోనూ, వరంగల్లోనూ, విశాఖలోనూ పిల్లలు తెలుగులో ర్యాప్ కడుతున్నారు. బస్తీల గురించి, నాన్న తాగుడు గురించి, అమ్మ కూలి గురించి ఫోన్లో రికార్డు చేసి పెడుతున్నారు. వాటి మీద సమీక్షలు రాసేవాళ్ళు మన పత్రికల్లో దాదాపు లేరు. సినిమా పాటైతే అరపేజీ రాస్తాం. అందుకని అడుగుతున్నాను. మీ పిల్లలు వినే పాట ఒకటి ఈ వారం మీరూ వినండి. వాళ్ళనే అర్థం చెప్పమనండి. అందులో అమ్మ ఎక్కడుంది, చెల్లెలు ఎక్కడుంది, ఆమె మాట్లాడుతోందా, ఆమె గురించి ఎవరైనా మాట్లాడుతున్నారా చూడండి. మీకేమనిపించిందో ఒక పేజీకి మించకుండా రాసి పంపండి. మీ అబ్బాయో అమ్మాయో మీతో ఒప్పుకోకపోతే, వాళ్ళ మాట కూడా కిందే రాయమనండి. రెండూ పక్కపక్కనే వేస్తాం.